పాతవాళ్ళు కూర్చున్న క్లాసు

కాలేజీలో పాఠాలు చెప్పడానికి కొత్తగా చేరిన పిల్లలు మా ఇంటికి వచ్చినప్పుడు, సిలబస్ సమయానికి ఎలా పూర్తి చేయాలని అడుగుతుంటారు. ముప్పై ఆరేళ్ళ సర్వీసులో నేను ఒక్క ఏడు కూడా సిలబస్ పూర్తి చేయలేదు. ఆ సంగతి చెబితే వాళ్ళ ముఖాలు తేలికపడతాయి. టీ కూడా రెండోసారి అడిగి తాగుతారు.

నేను బిలాస్‌పూర్‌లోని ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెప్పాను. మా నాన్నగారు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి లోకో షెడ్డులో ఫిట్టరుగా చేరారు. నేను రైల్వే క్వార్టర్లో పుట్టి పెరిగాను. క్లాసులో నా పాఠం హిందీలో, పుస్తకం ఇంగ్లీషులో ఉండేవి. కోపం వస్తే మాత్రం తెలుగులో తిట్టేదాన్ని, ఎవరికీ అర్థం కాదన్న ధైర్యంతో. రైల్వే కాలనీ నుంచి వచ్చే తెలుగు పిల్లలు వాటిని హిందీలోకి మార్చి మిగతా వాళ్ళకు చెప్పేవారని చాలా ఆలస్యంగా తెలిసింది.

నా ప్రమోషన్లు, బదిలీ ప్రయత్నాలు, అర్జీలు అన్నీ సర్వీసు పుస్తకంలో భద్రంగా ఉన్నాయి. వాటిని అక్కడే ఉంచుదాం. నేను రాయాలనుకున్నది నా ఉద్యోగం చివరి సంవత్సరాల్లో మా కాలేజీలో మొదలైన ఒక వేడుక గురించి. ఏటా డిసెంబరులో ఒక శని, ఆదివారాలు పూర్వ విద్యార్థులు కాలేజీకి వస్తారు. భోజనాలు, ఫోటోలు, ఉపన్యాసాలు మామూలే. శనివారం మాత్రం ఒక గంటసేపు, ఇప్పటి పిల్లలతో కలిసి నిజమైన క్లాసులో కూర్చుంటారు. వేడుకగా పెట్టిన ఆ గంట నా ఉద్యోగాన్ని నాకే విప్పి చూపించింది.

మొదటి ఏడు నేను ఆడించిన తమాషా

మొదటి ఏడాది ఆ క్లాసు నాకు అప్పగించారు. నేను బీరువా కింది అరలో దుమ్ము పట్టిన పాత హాజరు పట్టీ వెతికి పట్టుకున్నాను. వచ్చిన పాతవాళ్ళు పదిహేను మంది, చాలామంది ఒకే బ్యాచ్ వాళ్ళు. బట్టతలలు, కళ్ళజోళ్ళు, ఒకాయనకు మోకాలి పట్టీ. బెంచీలకూ డెస్కులకూ మధ్య ఒదగలేక పక్కకు తిరిగి కూర్చున్నారు.

నేను గంభీరంగా హాజరు పిలిచాను. ఆ రోజు రాని ఒకరి పేరు పిలిస్తే మూడు గొంతులు ఒకేసారి "యెస్ మేడమ్" అన్నాయి. అందులో ఒకటి బ్యాంకు మేనేజరుది, ఒకటి బొగ్గు గనుల అధికారిది. ముందు బెంచీల్లోని పిల్లలు పగలబడి నవ్వారు. ఆ నవ్వు నాకు బాగా నచ్చింది. అక్కడి నుంచి నేను పాఠం చెప్పడం మానేసి పాత కథలు చెప్పడంలో పడ్డాను. ఎవరు ప్రాక్టికల్ రికార్డు ఎవరి దగ్గర చూసి రాశారో, ఎవరు ల్యాబులో పాదరసం ఒలకబోసి టేబుల్ కింద దాక్కున్నారో ఒక్కటీ వదల్లేదు. బొగ్గు గనుల అధికారి ఇరవై నిమిషాలకే నిద్రపోయాడు. చదువుకునే రోజుల్లోనూ ఆయనకు అంతే సమయం పట్టేది. ఒక పిల్ల ఫోనులో ఆయన గురకను రికార్డు చేస్తుంటే చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

గంట కొట్టాక అందరూ నన్ను చుట్టుముట్టి, అసలు క్లాసంటే మీదే మేడమ్ అన్నారు. నేను పొంగిపోయాను. వాళ్ళు వెళ్ళాక ముందు బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి వచ్చి, ఇవాళ చెప్పాల్సిన పాఠం ఎప్పుడు చెబుతారని అడిగింది. ఆ గొంతులో ఎగతాళి లేదు. పాఠం ఎప్పుడో తెలుసుకుని రాసుకోవడానికి పెన్ను కూడా తీసింది.

సోమవారం చెబుతానన్నాను. సోమవారం వేరే పాఠం ఉండటంతో ఇది చెప్పలేదు. కొత్తగా చేరిన వాళ్ళకు ఒక మాట: మీ క్లాసులో పిల్లలు బాగా నవ్వారంటే సంతోషించండి, కానీ ఇంటికి వెళ్ళాక వాళ్ళ నోటు పుస్తకంలో ఏముంటుందో ఒకసారి ఊహించుకోండి.

శుక్లా గారి రిహార్సల్

మా ప్రిన్సిపాల్ శుక్లా గారు హిందీ సాహిత్యం చెప్పిన మనిషి. చెడ్డవాడు కాదు. అతిథులు వస్తున్నారంటే మాత్రం ఆయనకు నిద్ర పట్టదు. గురక వీడియో ఆయన దాకా వెళ్ళింది. మరుసటి ఏడాది అలాంటిది జరగకూడదని ఆయన నిర్ణయించారు. క్లాసు ఎవరు తీసుకుంటారు, ఏ పాఠం, ఏ ప్రశ్నలు, ఎవరు జవాబు చెబుతారు, అన్నీ ముందే ఖాయం చేయాలన్నారు. ఆ పని నాకు అప్పగించారు.

అప్పుడు మా విభాగంలో నీలిమా సాహూ అనే అమ్మాయి గెస్ట్ లెక్చరరుగా ఉండేది. బెల్తరా దగ్గరి పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చేది. గెస్ట్ లెక్చరరంటే ఏడాదికోసారి కొనసాగింపు రావాలి, రాకపోతే ఇంటికే. కొత్తవాళ్ళు ఎంత బాగా చెబుతున్నారో అతిథులు చూడాలని, ఈసారి క్లాసు ఆ అమ్మాయి తీసుకోవాలని శుక్లా గారు అన్నారు. దీన్ని బట్టే కొనసాగింపు సంగతి కూడా చూద్దామని ఆ చివర ఒక మాట జోడించారు.

పాఠం ఘర్షణ. నేనే ఐదు ప్రశ్నలు, ఐదు జవాబులు రాసి ఐదుగురు పిల్లలకు పంచాను. నీలిమ నా దగ్గరికి వచ్చి, ఇది పాఠంలా లేదు మేడమ్, పెళ్ళి మంత్రాల్లా ఉంది అంది. నేను నవ్వి, ఒక్క గంటే కదమ్మా, నీ కొనసాగింపు కోసమే ఇదంతా అన్నాను. అది పూర్తిగా నిజం కాదు. గురక వీడియోలో వెనక వినిపించేది నా గొంతు. శుక్లా గారి ముందు నా పరువు కూడా నిలబెట్టుకోవాలని ఉంది.

శుక్రవారం మూడుసార్లు రిహార్సల్ చేయించాం. శుక్లా గారు తన గదిలోని పూలకుండీని తెప్పించి క్లాసు గదిలో కిటికీ పక్కన పెట్టించారు. పాతవాళ్ళు కూర్చునే బెంచీల మీద దిండ్లు వేయించారు. మూడో రిహార్సల్ అయ్యేసరికి ఆ ఐదుగురు పిల్లలు ఎంత ఆరితేరారంటే, ప్రశ్న పూర్తి కాకముందే చేయి ఎత్తేవారు.

చినుకుకీ వానకీ తేడా

శనివారం క్లాసు మొదలైంది. నేనూ శుక్లా గారూ గోడ వారగా కుర్చీల్లో కూర్చున్నాం. నీలిమ మొదటి ప్రశ్న అడిగింది, జవాబు వచ్చింది. పాతవాళ్ళు చప్పట్లు కొట్టారు. క్లాసులో జవాబు చెబితే చప్పట్లు కొట్టడం ఎక్కడైనా ఉంటుందా? ఆ చప్పట్లకు రెండో పిల్లవాడు కంగారుపడి మూడో ప్రశ్న జవాబు చెప్పేశాడు. మూడోవాడికి ఏం చేయాలో తెలియక రెండో జవాబు చెప్పాడు. దానికీ చప్పట్లు కొట్టారు. శుక్లా గారు పూలకుండీ వైపు చూస్తూ కూర్చున్నారు.

అప్పుడు చివరి బెంచీలో ఒక మనిషి చేయి ఎత్తాడు. నలభై తొమ్మిది, యాభై ఏళ్ళుంటాయి. చూడగానే గుర్తుపట్టాను. సింహాచలం, రైల్వే కాలనీ పిల్లవాడు. వాళ్ళ నాన్న అప్పన్న, మా నాన్న ఒకే షెడ్డులో పనిచేశారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో రెండేళ్ళు నా క్లాసులో కూర్చుని, ఫిజిక్సు తప్పి, చదువు మానేసి ఐటీఐకి వెళ్ళాడు. తర్వాత రైల్వేలో చేరి గూడ్సు రైళ్ళ లోకో పైలట్ అయ్యాడు. డిగ్రీ లేకపోయినా బ్యాచ్ వాళ్ళు పట్టుబట్టి పిలిస్తే వచ్చాడట.

లేచి నిలబడి హిందీలో అడిగాడు. బొగ్గు నింపిన వ్యాగన్ల వరస లాక్కుని ఎత్తు ఎక్కుతున్నప్పుడు సన్నగా చినుకు పడితే చక్రాలు పట్టాల మీద జారతాయి. ఎంత పవరిస్తే అంత గిరగిరా తిరుగుతాయి తప్ప బండి కదలదు. అదే గంటసేపు కుండపోతగా వాన కురిసిందంటే, పట్టాలు అంతకంటే ఎక్కువ తడిసినా చక్రం మళ్ళీ పట్టు దొరకబుచ్చుకుంటుంది. నీళ్ళు తక్కువైతే జారడం, ఎక్కువైతే జారకపోవడం ఏమిటి మేడమ్, అని.

ప్రశ్న నా ఐదింటిలో లేదు. పుస్తకంలోనూ లేదు. శుక్లా గారు నా వైపు చూశారు. నేను నీలిమకు కనపడేలా చేత్తో సైగ చేశాను, ఇది పెద్ద విషయం, తర్వాత చూద్దాం అని చెప్పి దాటేయమని. ముప్పై ఏళ్ళుగా నేను చేస్తూ వచ్చిన సైగ అది. నాకు తెలియని ప్రశ్న వచ్చినప్పుడల్లా అది పై క్లాసుల్లో వస్తుందనేదాన్ని. పై క్లాసుల్లోనూ నేనే కదా చెప్పేది, అక్కడ అడిగితే అది కింది క్లాసులోనే అయిపోయిందనేదాన్ని.

నీలిమ నా సైగ చూసింది. చూసి, సింహాచలం వైపు తిరిగి, "నాకు తెలియదు సార్" అంది.

వెంటనే, "మీరు ముందుకు రండి. అప్పుడు మీరేం చేస్తారో మా పిల్లలకు చెప్పండి" అంది.

అతను దిండు పక్కన పెట్టి, బోర్డు దగ్గరికి వచ్చి సుద్దముక్క తీసుకున్నాడు. చక్రం గీసి, పట్టా గీసి, చక్రం ముందు నుంచి పట్టా మీదికి ఇసుక ఎలా వదులుతారో చూపించాడు. పవరు తగ్గించి, ఇసుక వదిలి, ఓపిక పట్టాలన్నాడు. తొందరపడితే చక్రం ఉన్నచోటే తిరిగి పట్టాను తినేస్తుందట. ఘర్షణ అంటే కదలికను ఆపేదని ఐదు జవాబుల్లో నేనే రాసి ఇచ్చాను. ఈ మనిషి బండి కదలాలంటే ఘర్షణ కావాలని, అందుకే మూటలకొద్దీ ఇసుక మోసుకుని తిరుగుతామని చెబుతున్నాడు.

నీలిమ పిల్లల్ని అడిగింది, పట్టా మీద నీళ్ళు కాక ఇంకేమేం ఉంటాయని. నూనె, తుప్పు, దుమ్ము, బొగ్గు పొడి అని ఒక్కొక్కరూ చెప్పారు. రిహార్సల్ చేసిన ఐదుగురు బిగుసుకుపోయి కూర్చున్నారు, వాళ్ళ వంతు ఎప్పుడో వాళ్ళకు తెలియడం లేదు. ఊళ్ళోని తెలిపారా పేట నుంచి వచ్చే రోష్ని అనే అమ్మాయి కిటికీ దగ్గర నుంచి, చేయి ఎత్తకుండానే మాట్లాడింది. నేను ఆ అమ్మాయిని ఐదుగురిలో పెట్టలేదు, మాట నెమ్మది, వినపడదని.

"ఇంట్లో వరండా కడిగేటప్పుడు ముందు కాసిని నీళ్ళు చల్లితే దుమ్ము జిగటగా అవుతుంది, అమ్మ రోజూ అక్కడే జారుతుంది. బకెట్ నిండా పోసేస్తే మురికి కొట్టుకుపోతుంది, ఇక జారదు."

సింహాచలం సుద్దముక్క పట్టుకునే తల ఊపాడు. మొదటి చినుకులకు పట్టా మీద నల్లటి పేస్టులాంటిది పడుతుందని, తను బండి దిగి వేలితో చూశానని, కానీ పెద్ద వాన దాన్ని కడిగేస్తుందన్నది తట్టలేదని చెప్పాడు. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. బొగ్గు గనుల అధికారి మెలకువగా ఉన్నాడు.

ప్రిన్సిపాల్ గదిలో

మధ్యాహ్నం శుక్లా గారు నీలిమను పిలిపించారు. నేనూ వెంట వెళ్ళాను. అతిథుల ముందు టీచరు నాకు తెలియదని చెబితే కాలేజీ పరువు ఏమవుతుందని ఆయన బాధ. గట్టిగా అరవలేదు. చక్కటి హిందీలో, ఆగి ఆగి, ఇలా అయితే వచ్చే ఏడాది సంగతి ఆలోచించుకోవాల్సి వస్తుందని చెప్పారు. నీలిమ నేల చూపులు చూస్తూ నిలబడింది.

నా ఉద్యోగంలో చాలాసార్లు ఇలాంటి గదుల్లో నేను మౌనంగా ఉన్నాను. ఆ రోజు కూడా అర నిమిషం ఉన్నాను. తర్వాత చెప్పేశాను, ఆ ప్రశ్నకు జవాబు నాకూ తెలియదు, దాటేయమని సైగ చేసింది నేనే, ఆ అమ్మాయి చేసిన తప్పు నా సైగ పాటించకపోవడం ఒక్కటే అని.

శుక్లా గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇన్నేళ్ళలో నేను తెలియదనడం ఆయన ఎప్పుడూ వినలేదట. ఇంతకీ ఆ వరండా మాట నిజమేనా అని అడిగారు. నిజమేనన్నాను. చలికాలం మంచు పడిన పొద్దున తన వరండాలో తను కూడా జారిపడ్డారని, వానాకాలంలో ఎప్పుడూ పడలేదని, ఇన్నాళ్ళూ అది చెప్పుల దోషమనుకున్నారని చెప్పారు. చెప్పి, వెంటనే మళ్ళీ ప్రిన్సిపాల్ అయిపోయి, అతిథుల అభిప్రాయ పత్రాలు వస్తాయిగా, వాటిని చూసి నిర్ణయిద్దామన్నారు.

తెలుగులో వచ్చిన కాగితం

అభిప్రాయ పత్రాలు సోమవారం శుక్లా గారి బల్ల మీదికి వచ్చాయి. దాదాపు అన్నీ ఒకేలా ఉన్నాయి: భోజనం బాగుంది, దిండ్లు మెత్తగా ఉన్నాయి, క్లాసు బాగుంది. ఒక్కటి మాత్రం ఆయనకు అర్థం కాలేదు. నన్ను పిలిచి చేతికిచ్చారు. సింహాచలం రాసింది. పేజీ నిండా తెలుగు, గుండ్రటి పెద్ద అక్షరాలు.

చదివి చెప్పండి మేడమ్, మీ భాషే కదా అన్నారు.

మొదటి నాలుగు వాక్యాలు గడగడా చెప్పేశాను. సాహూ మేడమ్ తెలియదు అని చెప్పడం తనకు నచ్చిందని రాశాడు. లైను మీద తెలియనిది తెలిసినట్టు నటిస్తే బండి పట్టాలు తప్పుతుందని, తమ ఉద్యోగంలో ముందు నేర్పేది అదేనని రాశాడు. శుక్లా గారు తల ఊపుతున్నారు. ఐదో వాక్యం దగ్గర నేను ఆగాను.

'ఇలాటి మేడమ్ ఆ రోజుల్లో ఉంటే నాను డిగ్రీ పాసయ్యుందును' అని ఉంది.

ఆ రోజుల్లో ఉన్న మేడమ్‌ని నేనే. ఆ సంగతి అతనికి తెలుసు. ఈ కాలేజీ స్టాఫులో తెలుగు చదవగలిగేది నేనొక్కదాన్నే అని కూడా తెలుసు. శుక్లా గారు ఎదురుచూస్తున్నారు. నేను హిందీలో, క్లాసు చాలా బాగుందని మళ్ళీ రాశాడు అని చెప్పి కాగితం మడిచాను.

గుమ్మం దాకా వెళ్ళాను. అక్కడ ఆగిపోయాను. నా మీద పడుతుందని ఆ వాక్యాన్ని మింగేస్తే, నీలిమకు అందాల్సినదాన్ని నేను లాక్కున్నట్టే. వెనక్కి వచ్చి కాగితం విప్పి, ఒక వాక్యం తప్పు చెప్పానని, ఉన్నది ఉన్నట్టు చదివాను. ఆ రోజుల్లో అతనికి పాఠం చెప్పింది నేనేనని కూడా చెప్పాను.

శుక్లా గారు ఆ కాగితం మీద హిందీలో నా అనువాదం రాసి సంతకం చేయమన్నారు. చేశాను. దాన్ని నీలిమ ఫైలులో పెట్టారు. జూన్లో ఆమెకు కొనసాగింపు వచ్చింది. కాగితం వల్ల వచ్చిందో, ఆ జీతానికి ఇంకెవరూ దొరక్క వచ్చిందో నేను చెప్పలేను. కానీ వచ్చింది.

సింహాచలం క్వార్టర్లో

ఆ వారంలోనే ఒక సాయంత్రం రైల్వే కాలనీకి వెళ్ళాను. మనసులో పాత మాట ఒకటి మెదులుతోంది. సింహాచలం రెండో ఏడు తప్పినప్పుడు నేను వాళ్ళ నాన్నను షెడ్డు గేటు దగ్గర కలిసి, బాబాయ్, మీ వాడికి ఫిజిక్సు ఎక్కదు, ఊరికే ఏళ్ళు పోగొట్టకండి, ఏదైనా పనిలో పెట్టించండి అన్నాను. మంచి మాటే చెప్పాననుకున్నాను. అప్పుడు నాకు ఉద్యోగంలో మూడో ఏడు. ఎవరికి ఏది ఎక్కుతుందో ఎక్కదో చెప్పేంత తెలివి ఉందనుకునే వయసు.

అతను ఇంట్లోనే ఉన్నాడు. వాళ్ళావిడ లక్ష్మి కుర్చీ వేసి, టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. కాగితం చదివానని, వాళ్ళ నాన్నతో ఆనాడు అన్న మాటకు బాధపడుతున్నానని చెప్పాను. ఇన్నేళ్ళ తర్వాత చెప్పడానికి సిగ్గుగా ఉందన్నాను.

అతను కోపం లేకుండా, లెక్క సరిచూసినట్టు చెప్పాడు.

"మీరు అన్నదాంట్లో తప్పేటుంది మేడమ్? నాకు అప్పుడు నిజంగానే ఎక్కనేదు. కానీ ఆ మాట మా నాన్నకి కాదు, నాకు సెప్పాల. నాకు సెప్పుంటే, ఏది ఎక్కనేదో అడుగుదును. నాన్నకి సెప్పీసినాక ఇంక అడగడానికేటుంది, పుస్తకాలు అటక మీద పెట్టీసినారు."

ఉద్యోగం గురించి నాకు ఎవరైనా చెప్పిన మాటల్లో అంత సూటిగా తగిలింది ఇంకొకటి లేదు. కొత్తగా చేరిన వాళ్ళారా, ఎవరి చదువు గురించి మాట్లాడుతున్నారో ముందు ఆ మనిషితోనే మాట్లాడండి. తండ్రి పక్కింటి బాబాయ్ అయినా సరే, ముందు పిల్లవాడితో.

ఇంతలో అతని ఫోను మోగింది. డ్యూటీ పిలుపు. రెండు గంటల్లో వెళ్ళి డ్యూటీ రిజిస్టరులో సంతకం పెట్టాలట. లేచి సంచి సర్దుకుంటూ, "మీరు కూకోండి, టీ తాగి ఎల్లండి. రోష్ని అనే ఆ పిల్లకి మాత్రం నా తరపున సెప్పండి, మొన్న లైను మీద వాన పడితే బండి ఆగినకాడ దిగి చూసినాను, ఆ పిల్ల సెప్పినట్టే అయ్యింది" అని వెళ్ళిపోయాడు. నేను లక్ష్మితో కూర్చుని టీ తాగాను. ఆమెకు ఫిజిక్సు గొడవ పట్టలేదు. మా అమ్మ ఆవకాయలో మెంతులు వేయించి వేసేదా పచ్చివి వేసేదా అని అడిగింది. అదైనా తెలిసిన ప్రశ్న కాబట్టి వివరంగా జవాబు చెప్పాను.

నా వంతు

తర్వాతి ఏడాది నుంచి నీలిమ ఆ గంటకు ఒకే ఒక నియమం పెట్టింది. పాతవాళ్ళు ఎంతమందైనా రావచ్చు, ఏమైనా అడగవచ్చు, కానీ పిల్లలు మాట్లాడటం పూర్తయ్యే వరకు నోరు విప్పకూడదు. దిండ్లు తీసేశారు. పూలకుండీ శుక్లా గారి గదికి తిరిగి వెళ్ళింది. సింహాచలం ఒక ఏడు వచ్చాడు, ఒక ఏడు డ్యూటీ ఉండి రాలేదు.

నేను రిటైరయిన డిసెంబరులో నాకూ ఆహ్వానం వచ్చింది. నేను కూడా ఆ కాలేజీలోనే చదివినదాన్ని కాబట్టి పూర్వ విద్యార్థినినే. బెంచీలో కూర్చున్నాక తెలిసింది, ఆ డెస్కు ఎంత ఇరుకో. ఇన్నేళ్ళూ ఎదురుగా నిలబడి, నిటారుగా కూర్చోండి అని పిల్లల మీద కేకలు వేశాను. అందులో నిటారుగా కూర్చోవడం కుదరదు.

నీలిమ లోపలికి వచ్చి నన్ను చూసి నమస్కారం పెట్టింది. తర్వాత నియమం చదివి వినిపించి, మేడమ్, మీకు కూడా వర్తిస్తుంది అంది. పిల్లలు నవ్వారు.

పాఠం అద్దాల గురించి. మనిషి తన ఎత్తంతా చూసుకోవడానికి ఎంత పొడవు అద్దం కావాలి అని అడిగింది. ముందు వరసలోని ఒక కుర్రవాడు లేచి, దూరంగా నిలబడితే చిన్న అద్దం చాలు, దగ్గరైతే పెద్దది కావాలన్నాడు. తప్పు. దూరంతో పనిలేదు, ఎత్తులో సగం ఉంటే చాలు. ఆ జవాబు నా గొంతు దాకా వచ్చింది. చేయి దానంతట అదే లేచింది. నీలిమ బోర్డు దగ్గర నుంచి నన్నొక చూపు చూసింది. నేను చేతిని డెస్కు మీద పెట్టి, దాని మీద రెండో చేయి పెట్టి నొక్కి పట్టాను.

ఆమె ఆ కుర్రవాడిని ఏమీ అనలేదు, కూర్చోమనలేదు. వాడు నిలబడే ఉన్నాడు. నోటు పుస్తకంలో ఏదో గీశాడు, కొట్టేశాడు, మళ్ళీ గీశాడు. నాకు ఆ నిశ్శబ్దం భరించలేనిదిగా అనిపించింది, బెంచీలో కదిలాను. నీలిమ కదల్లేదు. గోడ గడియారంలో రెండు నిమిషాలు గడిచాయి. వాడు తల ఎత్తి, "కాదు మేడమ్, ఎంత దూరమైనా సగమే చాలు, గీసి చూశాను" అన్నాడు.

నీలిమ సరేనని పాఠం ముందుకు నడిపించింది. నేను మిగతాదేమీ వినలేదు. ముప్పై ఆరేళ్ళు పాఠాలు చెప్పాను కానీ, నిలబడి ఉన్న ఒక్క పిల్లవాడికీ ఆ రెండు నిమిషాలు ఇచ్చిన గుర్తు నాకు లేదు.